ఇస్త్రీ ఆవిడ చదువు

ఇస్త్రీ ఆవిడ అరచేతులు ఎప్పుడూ వెచ్చగానే ఉంటాయి. ఇస్త్రీపెట్టె చల్లారే మధ్యాహ్నం పూట ఒళ్లో ట్యాబ్ పెట్టుకుని చదువు నేర్చుకుంటుంది. ఆవిడ వేలు తడబడితే చాలు, అందులో పాఠం చెప్పే గొంతు నెమ్మదిస్తుంది, పాఠం ఆవిడ తీరుకి తగ్గట్టు మారిపోతుంది. తడిబట్టల ఆవిరి, కిటికీలోంచి వాలిన ఎండ కలిసి ఆ గది కలలో గదిలా ఉంటుంది. తప్పు నొక్కితే ఆ గొంతు, "తొందరేం లేదు, మళ్లీ చూద్దాం," అంటుంది. పుట్టి బుద్ధెరిగాక ఆవిడతో ఆ మాటన్నవాళ్లు లేరు. కన్నతల్లి దగ్గర్నుంచి బట్టలిచ్చేవాళ్ల దాకా అందరూ నిలువుకాళ్ల మీద తొందరపెట్టినవాళ్లే. అందుకే జవాబు తెలిసినా కావాలనే తప్పు నొక్కుతుంది.

ఇవాళ అలా తప్పు నొక్కగానే ఆ గొంతు, "ఇది మీకు వచ్చుగా. ముందుకు వెళ్దాం," అంది. ఆవిడ మొహం చిన్నబోయింది.

"ఏమైందమ్మా?" అంది బట్టలు మడతపెడుతున్న కూతురు.

"దొరికిపోయానే. ఇంక ఆ మాట అనదు కాబోలు."

ఏ మాటో కూతురికి తెలుసు, రోజూ వింటూనే ఉంది. ఇంతలో బయట ఎవరో, "ఇంకా కాలేదా?" అని కేకేశారు. తల్లి గబుక్కున లేవబోయింది. కూతురు ఆవిడ భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టి, పెట్టె తనే అందుకుంది.

"తొందరేం లేదమ్మా," అంది.