గబ్బిలం రెక్క, గాజుల చెయ్యి

నంద్యాల నుంచి ఆళ్లగడ్డ పోయే బస్సు స్పీడ్‌బ్రేకర్ ఎక్కి దిగేసరికి కమలాక్షమ్మ టీచరు సంచి పిగిలింది. ఒక మేక కాలు, ఒక కోడి రెక్క, ఒక గబ్బిలం రెక్క జారి, నిశ్చితార్థానికి పోతున్నవాళ్ల పళ్లెంలో తమలపాకుల పక్కన పడ్డాయి. మాంసం లేదు, ఎముకలే. పెళ్లికొడుకు మేనత్త కెవ్వుమంది.

"కడిగినవే తల్లీ," అని టీచరు వాటిని ఏరుకుని, తమలపాకులు కూడా కొంగుతో తుడిచి ఇచ్చింది.

ఆమె రిటైరైన రోజది. బడిలో కొత్తగా పాఠాలు చూపే పెద్ద తెర పెట్టారు. ఎముకల అలమారు అడ్డమన్నారు. చెత్తలో వేస్తారేమోనని ఆమె వాటిని ఇంటికి తెచ్చుకుంటోంది. చిక్కల్లా ఇంటి దగ్గరే. భర్త రంగయ్యది కిరాణా కొట్టు, కోడిగుడ్డు కూడా గడప దాటని ఇల్లు. ఆయన కాదంటే ఇవి కుక్కల పాలే.

సంచిని ఒళ్లో అదుముకుని కూచుంటే ఉద్యోగంలో చేరిన కొత్త గుర్తొచ్చింది. జీవపరిణామం బోర్డు మీద బొమ్మలతో పిల్లలకు ఎక్కడం లేదని, అప్పుడామె గఫూర్ మటన్ కొట్టుకు పోయింది. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, మొహం రోడ్డు వైపు తిప్పి, ముక్కలు కొట్టకుండా ఒక కాలు ఇమ్మంది.

"ఏ కాలు కావల్లమ్మా?"

"ఏదో ఒకటియ్యప్పా, బేగ!"

గఫూర్ భార్య హజీరా దాన్ని తన పెరట్లోనే ఉడికించి, బట్టల సోడా వేసి తెల్లగా చేసిచ్చింది. మర్నాడు క్లాసులో కోడి రెక్క పక్కన ఆ కాలు వేలాడదీసి, రెండింటిదీ ఒకే కూర్పని టీచరు గొప్పగా మొదలుపెట్టింది. ముందు బెంచీలోంచి గఫూర్ కూతురు రుక్సానా లేచింది.

"మేడం, దానికి మోకాలిచిప్ప ఉండాది. అది ఎనక కాలు. రెక్కకు జోడీ ముందర కాలు గదా?"

క్లాసంతా విరగబడి నవ్వింది. పుట్టి బుద్ధెరిగాక మాంసం ముట్టని టీచరు చెవులదాకా ఎర్రబడింది. ఈసారి కళ్లు తెరుచుకుని పోయి ముందరి కాలు తెచ్చింది.

ఇక ఏటేటా అదే పాఠం. పైన ఒక ఎముక, కింద రెండు, తర్వాత మణికట్టు, వేళ్లు. మేకకు అవే పరుగుకు పనికొచ్చాయి, గబ్బిలానికి వేళ్లు గొడుగు కమ్మీల్లా సాగాయి. పని మారింది గానీ కూర్పు పోలేదు, ఎందుకంటే అందరి పాత ముత్తాత ఒకడే. చివర్లో ఆమె తన గాజుల చెయ్యి కూడా ఆ వరసలో పెట్టి గలగలలాడించేది. ఆ చప్పుడు కోసమే ఆడపిల్లలు కాచుకునేవాళ్లు. ఇప్పటికీ పెళ్లిళ్లయి పిల్లల తల్లులైనవాళ్లు నంద్యాల బజారులో కనబడితే నమస్కారం పెట్టరు. చెయ్యెత్తి గాజులు గలగలలాడిస్తారు. ఆ గలగల తలుచుకుంటూనే టీచరు ఆళ్లగడ్డలో దిగింది.

రంగయ్య వాకిట్లోనే ఉన్నాడు. పిగిలిన సంచిలోంచి తొంగిచూస్తున్న గబ్బిలం వేళ్లను చూశాడు. ద్వారబంధానికి చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఏందీ ఇది? మా నాయన కాలం నుంచి ఈ ఇంట్లోకి ఒక్క ఎముక వచ్చిండలేదు, తెలుసునా నీకు?"

టీచరు ఆ అడ్డం పెట్టిన చెయ్యిని భుజం నుంచి వేళ్ల దాకా తీరిగ్గా చూసింది.

"మరి ఇన్నేండ్లూ ఆ చెయ్యి యాడ ఇడిసిపెట్టి లోపలికొస్తాండారు?"