గట్టు మీది గడ్డివాములు

కరోనా తగ్గిన మరుసటి ఏడాది అది. కోతలు అయిపోయిన రోజులు. విజయవాడలో జిల్లా పరిశ్రమల ఆఫీసుకి నా కారు అద్దెకి తిరుగుతోంది. నా పేరు మస్తాన్. అయిదో తరగతితో బడి మానేశాను. ఇలా కాగితం మీద రాయడం ఇదే మొదలు, తప్పులుంటే సర్దుకుని చదవండి.

ఆ ఆఫీసు పని ఏమిటంటే, వేరే ఊళ్ళలో ఫ్యాక్టరీలు నడిపేవాళ్ళని మన జిల్లాకి రప్పించడం. వాళ్ళని ఇన్వెస్టర్లు అంటారు. ఖాళీగా ఉన్న ప్రభుత్వ భూముల జాబితాని ల్యాండ్ బ్యాంక్ అంటారు. ఆ జాబితా పట్టుకుని స్థలాలు చూపించడమే సైట్ విజిట్. తిప్పేది నేను, చెప్పేది మా రంగనాయకులు సార్.

సార్‌ది అనంతపురం వైపు. మన కాలవలంటే ఆయనకి ఎంత ఇష్టమో చెప్పలేను. కారు కాలవ పక్కకి రాగానే, "మెల్లగా పోనీ అప్పా, నీళ్ళు చూడనీ" అనేవారు. అద్దం దించి చిన్నపిల్లాడిలా చూసేవారు. ఇన్నేళ్ళలో ఆయన తీసుకొచ్చిన వాళ్ళంతా టీ తాగి, స్థలం బాగుందని చెప్పి వెళ్ళినవాళ్ళే. ఒక్క ఫ్యాక్టరీ కూడా రాలేదు. రిటైర్ కావడానికి ఇంక నాలుగు నెలలు ఉంది. "ఒక్కటి చాలప్పా, ఒక్క షెడ్డు లేస్తే చాలు" అనేవారు నాతో.

అప్పుడు తిరుప్పూరు నుంచి వాసంతి గారు వచ్చారు. పసిపిల్లల బట్టలు కుట్టించే కంపెనీ ఆవిడది. పుట్టిల్లు తెనాలి, కాబట్టి తెలుగు మనలాగే మాట్లాడతారు. సార్ ఆవిడని ఉయ్యూరు వైపు తీసుకెళ్ళమన్నారు. ఆయనకి జాబితా మొత్తంలో నచ్చిన స్థలం అదే. కాలవ పక్కనే, బల్లపరుపుగా, చుట్టూ పొలాలు.

"చూడండి మేడం, ఎన్ని నీళ్ళో!" అన్నారు సార్ చేతులు చాపి.

ఆవిడ నీళ్ళ వంక చూడలేదు. రోడ్డు వంక చూశారు.

"డ్రైవర్ గారూ, గడ్డివాములన్నీ రోడ్డు గట్టు మీదే వేశారేంటి? పొలాల్లో ఇంత చోటుందిగా?"

"చెప్పప్పా మస్తానూ, మేడం అడుగుతాండారు" అన్నారు సార్ నవ్వుతూ. ఆయనకీ తెలీదు. మా ఊళ్ళ సంగతి ఆయనకి ఎవరు చెప్పారు గనక?

బండికి ఎత్తుకోవడానికి వీలని చెప్పేద్దామనుకున్నాను. మాట నోటిదాకా వచ్చింది. సార్ ముఖం చూస్తే చెప్పాలనే అనిపించింది కూడా. కానీ రేపు ఆవిడ షెడ్డులోకి నీళ్ళొస్తే ఆ తిట్లు తగిలేది కూడా సార్‌కే.

"వానాకాలం ఇక్కడ మోకాలి లోతు నిలుస్తాయండి. గడ్డి తడవకుండా ఉండేది గట్టు మీదే."

సార్ నవ్వు ఆగిపోయింది.

"మాకు చెమ్మ తగిలితే గుడ్డంతా మరకలేనండీ" అన్నారు వాసంతి గారు. "ఇంక స్టేషన్‌కి పోనివ్వండి."

కాలవ వచ్చినా సార్ మెల్లగా పోనీ అనలేదు. నేనే బండి నెమ్మది చేశాను.

"ఎందుకప్పా?"

"మీరు చూస్తారని సార్."

ఆయన చూడలేదు. వెనక్కి తిరిగి, "మా ఊళ్ళో బిందెడు నీళ్ళకి మా అమ్మ పొద్దున్నుంచీ నిలబడేది మేడం. నీళ్ళుంటే ఇంకేం కావాల అనుకుంటి. తప్పు నాదే" అన్నారు.

వాసంతి గారు కాసేపటికి నన్ను అడిగారు. "మీరయితే ఎక్కడ పెడతారండీ గుడ్డ?"

"మైలవరం దాటాక, మా అత్తగారి ఊరి దగ్గరండి. ఎర్రనేల, వాలుగా ఉంటది. వాన ఆగిన గంటకి చెప్పులేసుకుని నడవచ్చు. మిషను కుట్టే ఆడవాళ్ళు కూడా ఉన్నారు."

సార్ గబగబా ఫైలు తిప్పారు. ఆఖరి పేజీలో ఉంది ఆ స్థలం.

"మరి నాకెందుకు చూపించలేదండీ?"

"అక్కడ కాలవ లేదు గదా మేడం!"

ఆవిడ పకపకా నవ్వారు. "రైలు సాయంత్రానికి కదా. పోనివ్వండి."

అక్కడ వాములు ఎవరికి తోచిన చోట వాళ్ళు వేసుకున్నారు. ఒకటి పల్లంలో ఉంది. ఆవిడ దాని అడుగునుంచి గుప్పెడు గడ్డి లాగి వాసన చూశారు. "ముక్కిపోలేదు సార్" అన్నారు. మళ్ళీ రెండుసార్లు వచ్చారు, వానల్లో ఒకసారి. తర్వాత సంతకం పెట్టారు.

షెడ్డు లేచేసరికి సార్ రిటైరయిపోయారు. తెరిచే రోజున వాసంతి గారు పట్టుబట్టి సార్‌ని పిలిపించారు. స్టేషన్‌లో ఎక్కించుకున్నాను. లోపల మిషన్ల చప్పుడు వింటూ గుమ్మంలోనే నిలబడిపోయారు, ఎవరు కూర్చోమన్నా కూర్చోలేదు. తిరిగి వెళ్ళేటప్పుడు, "రైలుకి టైముంది గదా మస్తానూ, కాలవ మీదుగా పోదామా?" అన్నారు. చుట్టే అయినా పోనిచ్చాను.

ఆ తర్వాత ఎంతమందినో తిప్పాను. నేను నేర్చుకున్నది ఒకటే. కొత్త చోటికి వెళితే ముందు అక్కడివాళ్ళు తడవకూడనివి ఎక్కడ పెట్టుకున్నారో చూస్తాను. ఫైలు ఆ తర్వాత.