షామీర్‌పేట దారిలో రాతి తొట్టి

మేడ్చల్ నుంచి షామీర్‌పేటకు వెళ్లే దారిలో, మా చేను గట్టునానుకుని ఒక రాతి తొట్టి ఉండేది. వారం వారం జరిగే పశువుల అంగడికి తోలుకెళ్లే జీవాలు ఆగి నీళ్లు తాగడానికి మా తాత కట్టించాడు. ఆయన కాలంలో బావిలోంచి తోడి నింపేవారట. నాకు ఊహ తెలిసేసరికి బావి ఎండి, బోరు పడింది. పొద్దున కరెంటు రాగానే నాయిన ముందు తొట్టిలోకే పైపు వేసేవాడు. వరిమడికి ఆ తర్వాతే. తొట్టి నిండకుండా ఆయన చాయ్ తాగడం నేనెప్పుడూ చూడలేదు.

పెద్దయ్యాక నేను దగ్గర్లోనే ఒక బడిలో టీచర్‌గా చేరాను. రెండువేల సంవత్సరం దాటాక చుట్టూ చేలన్నీ ప్లాట్లయ్యాయి. మేమూ సగం అమ్ముకున్నాం. అప్పుడే రోడ్డు వెడల్పు చేసే పని మొదలైంది. ఒక సాయంత్రం బడి నుంచి వచ్చి చూస్తే తొట్టి మీద ఎర్రరంగు గుర్తు.

పని చూసే ఇంజనీరు కోస్తా నుంచి వచ్చి యాప్రాల్‌లో ఉంటున్న మనిషి. మర్యాదగానే చెప్పాడు.

"ఇప్పుడిక్కడ పశువులెక్కడున్నాయండీ? అన్నీ ఇళ్లే కదా! తీసేయక తప్పదు."

నాయిన గొంతు పెంచలేదు. "అంగడి దినం పొద్దుగాల ఒక్కసారి వచ్చి ఈడ కూసోండ్రి సారూ. ఒక్క జీవం రాకుంటే నేనే గడ్డపార వట్టి పలగ్గొడ్త."

ఆయన వస్తాడని నేననుకోలేదు. వచ్చాడు. నాయిన మంచం వాల్చాడు, నేను చాయ్ తెచ్చాను. చాలాసేపు లారీలు తప్ప ఏమీ రాలేదు. తర్వాత బర్రెల మంద వచ్చింది. ఇటుకలు దించి వస్తున్న గాడిదలు వచ్చాయి. కొంపల్లిలో పెళ్లి ఊరేగింపు ముగించుకుని, మెడలో పూలదండతోనే ఒక తెల్ల గుర్రం వచ్చింది. ఇంజనీరు చాయ్ గ్లాసు చేతిలోనే మరిచిపోయాడు.

చివరికి గొర్రెలతో ఒక ముసలమ్మ వచ్చింది. తొట్టి ఎత్తు గొర్రెలకు అందదు. ఆమె గిన్నెతో నీళ్లు ముంచి, కింద రాతి గుంతలో పోస్తూనే ఉంది.

"రోజూ ఇట్లనే పోస్తవా అవ్వా?" అని అడిగాను.

"ఏండ్ల సంది గింతే బిడ్డా. గొర్లకు అందదు గదా."

నాకు సిగ్గేసింది. చిన్నప్పటి నుంచీ ఆ దారినే తిరుగుతున్నాను, ఒక్కనాడూ గమనించలేదు. బ్యాగులోంచి నోటుబుక్కు తీసి గీశాను: పెద్ద తొట్టి పక్కనే మోకాలెత్తులో చిన్నదొకటి, పెద్దది నిండి పొర్లిన నీళ్లు అందులో పడేలా.

ఇంజనీరు కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "కట్టొచ్చండీ. పెద్దదాన్ని పగలగొట్టకుండా క్రేన్‌తో ఎత్తించి జరిపిస్తాను. కానీ రోడ్డుకు ఇవతల స్థలం కావాలి కదా?"

"మా చేన్ల తీస్కోండ్రి" అన్నాడు నాయిన వెంటనే.

ఆ రోజుల్లో అక్కడ గజం స్థలం కోసం అన్నదమ్ములు మాటలు మానుకునేవారు. మా బంధువులు నవ్వారు. "రోడ్డు పొంటి జాగ బర్రెలకిస్తవా?" అని మా పెదనాయిన ఇంటికొచ్చి మరీ అడిగాడు. నాయిన "ఇస్త" అన్నాడు, అంతే.

క్రేన్ తొట్టిని దించేటప్పుడు దాని బండ ఒకటి పగిలింది. మేస్త్రీని జరగమని, నాయినే కూర్చుని ఆ పగులులో సిమెంటు నింపాడు. చిన్న తొట్టిలో మొదటిసారి నీళ్లు పడిన రోజు గొర్రెలు వరసకట్టి తలలెత్తకుండా తాగాయి. ముసలమ్మ గిన్నెను బోర్లించి, దాని మీద తీరిగ్గా కూర్చుంది.

రోడ్డు పూర్తయ్యాక ఇంజనీరు తన భార్యకు చూపించాలని ఒక ఆదివారం వచ్చాడు. నాయిన ఆమెకు చెప్పసాగాడు. "గా పెద్దది మా నాయిన కట్టిచ్చిండమ్మా. గీ చిన్నది నా బిడ్డ గీసింది."

చిన్నతనంలో నేను పలక మీద మొదటి అక్షరం దిద్దినప్పుడు కూడా ఆయన గొంతులో అంత సంబరం వినలేదు. అయితే జాగా ఎవరిచ్చారో మాత్రం ఆయన చెప్పలేదు. అది నేను చెప్పాను.