సాంచా, నిన్ను ప్రేమించా

ఆ రోజుల్లో బొంబాయి దగ్గరి భివండిలో కవి కావాలంటే ఒక నోటు పుస్తకమూ, వద్దనేవాడు లేకపోవడమూ చాలు. నాకు రెండూ ఉండేవి. కామత్‌ఘర్‌లో మేనమామ కార్ఖానాలో సాంచాలు నడుపుతూ (మరమగ్గాన్ని మావాళ్లు సాంచా అనే అంటారు) రాసిన ప్రతి కవితనూ పక్క సాంచా మీది బావకు వినిపించేవాణ్ణి. ఇరవై సాంచాల మోతలో నేను గొంతు చించుకుని చదువుతుంటే, బావ పాదపాదానికీ తల ఊపేవాడు. ఆరు నెలలు ఊపాడు. ఆ భరోసాతోనే పని మానేసి, హైదరాబాదు పోయి కవిగా బతకాలని నిశ్చయించుకున్నాను. రైలు టికెట్ కూడా తీసుకున్నాను. మామకు చెప్పడమొక్కటే మిగిలింది.

మామకు చెబుదామనుకున్న రోజు మధ్యాహ్నం నా కళాఖండాన్ని ఎత్తుకున్నాను. 'సాంచా, సాంచా, ఓ సాంచా, నిన్ను నేను ప్రేమించా, బతుకు నీకై తల వంచా' (మా ఇళ్లలో ఎవరూ అలా మాట్లాడరు, అందుకే అది కవిత్వమని నా నమ్మకం) దాకా వచ్చేసరికి కరెంటు పోయింది. మోత ఆగింది, నేను ఆగలేదు. 'పోగు తెగితే శోకించా' అన్న నా కేకను, గుమ్మంలో నిలబడ్డ మామతో సహా కార్ఖానా అంతా శుభ్రంగా విన్నది.

"ఏందిరా అల్లుడా గది?" అన్నాడు మామ.

"కవిత్వం మామా. బావకు మస్తు నచ్చింది."

బావ బిత్తరపోయాడు. "నాకా? గీ చప్పుడుల ఒక్క ముక్కన్న ఇనవడ్తదా? ఊరి ముచ్చట చెప్తున్నవనుకొని తలకాయ ఊపిన."

మామ నా సాంచా మీదికి వంగి చూశాడు. నేను కవిత్వంలో ఉండగా పోగు తెగి, బట్టలో మూరెడు పొడుగున గీత పడింది. "శోకించుడు తర్వాత, ముందుగాల పోగు అతుకు," అన్నాడు.

సిగ్గుతో చచ్చిపోయాను. అయినా సాయంత్రం టికెట్ వాపసు చేసి వస్తుంటే గుండె మీది బండ దిగినట్టయింది. నా కవిత్వాన్ని కాపాడే అంత మోత హైదరాబాదులో ఎక్కడ దొరికేది?

మర్నాటి నుంచి పోగు తెగినప్పుడల్లా ఎవరో ఒకరు "శోకించా" అని అరిచేవారు. మొన్న పనిమీద భివండిలోనే నార్పోలి వైపు ఒక కార్ఖానాకు వెళితే, నేనెన్నడూ చూడని మనిషి తెగిన పోగు అందుకుంటూ అదే మాట అన్నాడు. ఎక్కడిదని అడిగాను.

"ఏమో అన్నా, అందరంటరు గదా," అన్నాడు.

నాదేనని చెప్పాలని మహా కోరికైంది గానీ ఊరుకున్నాను. తన మాట ఇన్నేళ్లు జనం నోట నిలుస్తుందని ఆనాటి ఆ కుర్రకవికి తెలిసుంటే, వెంటనే ఇంకో వంద రాసి పడేసేవాడు. పాపం, తెలియకపోవడమే అందరికీ మంచిదైంది.