నర్సమ్మ కొట్టేయించిన అంకె

మా నర్సమ్మ మొన్న పోయారు. గోరంట్లలో కూతురింట్లో, నిద్రలోనే పోయారని ఫోన్ వచ్చింది. రిటైరై ఏళ్లయినా, నల్లమాడ చుట్టుపక్కల పల్లెల్లో నర్సమ్మ అంటే ఇప్పటికీ ఆమే. అంగన్‌వాడీ టీచర్‌గా నాకు పని నేర్పింది కూడా ఆమే.

నెలనెలా తూకం రోజున ముందు బిడ్డల మొలతాళ్లు, కడియాలు విప్పించేవారు. "వెండి బరువు నాకెందుకమ్మా, బిడ్డ బరువు కావల్ల" అని తల్లులను ఆటపట్టించేవారు. బరువు మాత్రం తల్లి చెవిలోనే చెప్పేవారు. పైకి చెబితే దిష్టి తగులుతుందని మావాళ్ల భయం. కొత్తలో నాకంత ఓపిక లేదు. ఆమె రాని ఒక నెల, అందరి బరువులూ గట్టిగా చదివేశాను. మరుసటి నెల ఒక అవ్వ మనవరాలిని తీసుకురాలేదు. ఆ పిల్ల తల్లిదండ్రులు బెంగళూరుకు కూలికి పోయారు.

బరువు తక్కువ బిడ్డలు ఉండకూడదని ప్రపంచ దేశాలన్నీ గడువు పెట్టుకున్నాయట. ఆ లెక్క అడిగే సమీక్ష మా మండలంలో దగ్గరపడింది. నేను ఆ పిల్లను తూచకుండానే పాత బరువుకు అరకిలో కలిపి రాసేశాను.

రిజిస్టరు చూసి నర్సమ్మ అడిగారు: "ఈ బిడ్డను ఎత్తుకున్నావా పాపా?"

లేదన్నాను. ఆమె తిట్టలేదు. త్రాసు భుజాన వేసుకుని ఎండలో నడిచారు, వెనకే నేను.

అవ్వ గడపకు అడ్డం నిలబడింది. "ఈయమ్మ ఊరంతా వినేట్టు అరిచింది. మర్నాటి నుంచే బిడ్డకు జరం. తూచేది లేదు, పో నర్సమ్మా."

"సరేలే అవ్వా, ముందు దిష్టి తీస్తా. ఉప్పు తీసుకురా."

ఉప్పు తిప్పి పారేసిన తర్వాతే త్రాసును దూలానికి తగిలించి, పిల్లను దాని సంచీలో కూర్చోబెట్టారు. నేను రాసినదానికంటే కిలోన్నర తక్కువ. బరువు అవ్వ చెవిలో చెప్పారు. అవ్వే ఏడుస్తూ పిల్లకు గౌను తొడిగింది. సాయంత్రంలోపు కదిరి ఆసుపత్రిలో చేర్పించాం.

"పెద్ద పెద్ద లెక్కలన్నీ ఈడ, మన త్రాసు కాడే మొదలైతాయి. ఈడ నువ్వు అబద్ధం రాస్తే ఆ బిడ్డ ఇంక యాడా కనపడదు" అన్నారు తిరుగు బస్సులో. నా చేతే ఆ అంకె కొట్టేయించి పక్కన సంతకం పెట్టించారు. సమీక్షలో అధికారి మా ఊరి పేరెత్తి గద్దిస్తే లేచి నిలబడిందీ ఆమే. "ఇంకా ఎంత దూరం ఉండాదో తెలుసుకునేదానికే కదా సార్ తూచేది?"

ఆ పిల్ల ఇప్పుడు ఐదో తరగతి, నోరు పెద్దది. ఆ రోజు నర్సమ్మ నడవకపోయి ఉంటే నేనెలా బతికేదాన్నో తెలియదు. ఆ మాట ఆమెతో ఒక్కసారీ అనలేదు.

నిన్న తూకం రోజు. ఇద్దరు బిడ్డలు బరువు తక్కువ తూగారు. వచ్చే వారం సమీక్షలో మాట పడతానని తెలిసీ ఇద్దరనే రాశాను. రాసి తలెత్తితే, ఆ ఇద్దరిలో చిన్నది త్రాసు సంచీలో సన్నటి కాళ్లాడిస్తూ నన్నే చూస్తోంది.