ఎదురు ముక్కలు ఎక్కించిన రోజు

మొన్న మా అమ్మాయి బజారు నుంచి తెల్ల బకెట్టు తెచ్చింది. అడుగున ఆవగింజంత గోధుమరంగు మచ్చ ఉందని, మార్చుకొస్తానని మళ్ళీ బయల్దేరింది. నేను వద్దన్నాను. అది మురికి కాదు. మిషను లోపల ఏ మూలో ఇరుక్కుని, ముందుకు పోలేక మాడిపోయిన ప్లాస్టిక్కు. ఆ మచ్చ చూశాక పాతవన్నీ గుర్తొచ్చి, రాద్దామని కూర్చున్నాను. నేను చదివింది ఐదో తరగతి. పెన్ను పట్టే అలవాటు లేదు, కాస్త సర్దుకుని చదవండి.

మాది మంగళగిరి, నేతపని ఇల్లు. మగ్గం కూడు పెట్టడం మానేశాక మా అక్క మొగుడు నన్ను విజయవాడలో తను పనిచేసే ప్లాస్టిక్ ఫ్యాక్టరీలో చేర్పించాడు. పాత ప్లాస్టిక్కులో రంగు కలిపి, కరిగించి, మళ్ళీ గింజలుగా కోసే పని. బావ అక్కడ ఎక్స్‌ట్రూడరు ఆపరేటరు. ఎక్స్‌ట్రూడరంటే పొడుగాటి ఇనప గొట్టం, దాని లోపల పక్కపక్కనే ఒరుసుకుంటూ ఒకే వైపు తిరిగే రెండు స్క్రూలు. బయట హీటర్లుంటాయి కదా, వాటికే అంతా కరుగుతుందనుకున్నాను మొదట్లో. బావ నవ్వాడు. హీటర్లు పొయ్యి రాజేయడానికేనట, అసలు వేడి లోపలి రాపిడిలో పుడుతుందట. గింజలు ముందు బియ్యంలా గలగలమంటూ పోతాయి. మధ్యలో స్క్రూలకుండే పిసికే ముక్కల దగ్గరకొచ్చేసరికి ఒకదాన్నొకటి నలుపుకుని, సగం గింజ సగం జావ, ఉండలు కట్టిన అంబలిలా అవుతాయి. ఆ తర్వాత ఎదురు ముక్కలుంటాయి. వాటి మర చుట్లు తిరగబడి ఉంటాయి కాబట్టి వచ్చేదాన్ని కాసేపు వెనక్కి నెడతాయి, ఆ కాసేపట్లో మిగిలిన ఉండలు కూడా కరిగి పాకమైపోతాయి. చివర చిల్లుల్లోంచి తీగలుగా వచ్చి నీళ్ళ తొట్టిలోకి దిగుతుంటే నాకు మా ఇంటి మగ్గం మీది పడుగు దారాలు కనిపించేవి. తీగ మెరుపు చూసి, మోటారు చప్పుడు విని లోపల ఏం జరుగుతోందో చెప్పేవాణ్ణి. మూడేళ్ళు తిరిగేసరికి బావ సెలవు పెడితే మిషను నాకే అప్పగించేవారు. బతుకులో నాకు అబ్బిన చదువు అదొక్కటే. చెప్పిన పంతులు బావే.

స్క్రూ అంటే ఒకే కడ్డీ కాదు, కడ్డీకి గాజుల్లా తొడిగిన ముక్కలు. రంగు మారేటప్పుడు అన్నీ ఊడదీసి, ఇత్తడి బ్రష్షుతో రుద్ది, మళ్ళీ అదే వరసలో తొడగాలి. వరస రాసిన కాగితం ఇంగ్లీషులో ఉండేది. అందుకని నేను ముక్కల్ని ఊడదీసింది ఊడదీసినట్టే తడి గోతం మీద పేర్చేవాణ్ణి. ఒక ఆదివారం నల్లరంగు దింపి తెల్లరంగు ఎక్కించాలి, ఫ్యాక్టరీలో మేమిద్దరమే ఉన్నాం. బావకి సాయంత్రం పెళ్ళికి వెళ్ళే తొందర. తొడగడం తను చూసుకుంటానని నన్ను తొట్టి కడగమన్నాడు. కడిగి వచ్చేసరికి పిసికే ముక్కలు ఇంకా గోతం మీదే ఉన్నాయి, ఎదురు ముక్కలు మాత్రం కడ్డీలకి ఎక్కేశాయి.

"బావా, ఇవి తర్వాత కదా రావాల్సింది," అన్నాను.

"నాకు వరస నేర్పేంతవాడివయ్యావురా బామ్మర్దీ. ఇది మీ ఇంటి మగ్గం కాదు. బిగించు," అన్నాడు.

బిగించాను. ఆయన అంత గట్టిగా అనేసరికి నేనే పొరబడ్డానేమో అనిపించింది. అది నా తప్పే.

మర్నాడు పొద్దున ఓనరు గారి ఎదుటే మిషను వేశాం. ఇంకా కరగని గింజలకి ఎదురు ముక్క అడ్డొస్తే అవెక్కడికి పోతాయి? కరెంటు మీటరు ముల్లు లేచింది, గొట్టం మూలిగింది, మోటారు ఆపేలోపే లోపల టప్పుమని కడ్డీ విరిగింది. ఓనరు గారు కేకలేసే మనిషి కాదు. ముక్కలు తొడిగింది ఎవరని మెల్లిగా అడిగారు. నేను బావ వైపు చూశాను.

"మావోడేనండీ," అన్నాడు బావ. "నేను పెళ్ళికెళ్ళిపోయానండి. చదువుకోనోడు కదండీ, వరస తప్పాడు."

తప్పు నా మీదే వేసుకున్నాను. అక్కకి అప్పుడు నెలలు నిండి ఉన్నాయి, బావ పని పోతే ఇల్లు గడవదు. సాయంత్రం సైకిళ్ళ దగ్గర బావ నా చెయ్యి పట్టుకుని, వేడి చల్లారాక ఓనరు గారికి తనే నిజం చెప్తానన్నాడు. నమ్మాను. నన్ను గోతాల మూతులు కుట్టే పనిలో వేశారు. తరతరాలుగా దారం పట్టిన వంశం కాబట్టి ఆ పని బాగానే చేశాను. బావ రోజూ నా పక్కనుంచే పోతూ అన్నం తిన్నావా అని అడిగేవాడు, ఆ మాట మాత్రం ఎత్తేవాడు కాదు. ఇవాళ చెప్తాడు, పండక్కి చెప్తాడు అనుకుంటూనే ఉన్నాను. నా చేతికి మళ్ళీ మిషను రాలేదు.

పోయిన నెల పటమటలో మా మేనల్లుడి గృహప్రవేశం. భోజనాల దగ్గర బావ తన వియ్యంకులకి ఈ కథే చెప్పాడు. తను వద్దు వద్దని అరుస్తున్నా బామ్మర్ది వినకుండా ఎదురు ముక్కలు ముందు ఎక్కించాడట. ఆ రోజు ఓనరు గారికి చెప్పిన దాంట్లో బావ అసలు అక్కడ లేడు. ఇప్పుడు ఉన్నాడు, పైగా అరిచాడు. అందరూ నవ్వారు. చేతులు కడుక్కునే చోట ఆయన్ని ఆపాను.

"బావా, మనిద్దరమే ఉన్నాం. ఆ ముక్కలు ఎక్కించింది ఎవరు?"

"నువ్వే కదరా," అన్నాడు. "ఇంకా అదే తల్చుకుని బాధపడుతున్నావా? పోనీలే, మనసులో పెట్టుకోకు." నా భుజం తట్టి తువ్వాలు అందించాడు.

ఆయన కళ్ళు తడబడలేదు. అన్నేళ్ళు పక్కన పనిచేశాను, అబద్ధమాడుతుంటే తెలుస్తుంది. ఆయనకి నిజంగానే అలా గుర్తుంది. కొంత కాలం పోతే ఆయనే చెప్తాడని కూర్చున్నాను నేను. పోయిన కాలం ఆయన దగ్గరున్న నిజాన్ని కూడా పట్టుకుపోయింది.