వేలి వేడి

మా ల్యాబ్ పెద్దాయన పోయారు. సోమవారం కోకాపేట సిగ్నల్ దగ్గర ఆటోలో ఉండగా ఆయన కూతురు ఫోన్ చేసింది. "నాన్న లేడక్కా. పొద్దుగాల చాయ్ తాగుతనే గుండెల నొప్పి అన్నడు. దవాఖానకు పోయేలోపలనే..." అని ఆగిపోయింది. ఆటో వెనక్కి తిప్పించి బాలానగర్‌లో వాళ్ళింటికి వెళ్ళాను.

మేం చేసే పనేమిటో మా ఇంట్లోవాళ్ళకే సరిగ్గా తెలీదు. ఉపగ్రహంలో అమర్చే పెట్టెలను పెద్ద ఇనుప చాంబర్‌లో పెట్టి, గాలంతా లాగేసి, వేడికీ చలికీ తట్టుకుంటాయో లేదో చూస్తాం. పెట్టె మీద ఇరవై నాలుగు చోట్ల వేడి కొలిచే సెన్సార్లు టేప్‌తో అతికిస్తాం. అవి చూపించే అంకెలను బట్టే హీటర్ నడుస్తుంది. ఒక్కటి ఊడిందంటే చాలు, పెట్టె ఎంత వేడెక్కినా ఇంకా చల్లగానే ఉందనుకుని హీటర్ కాలుస్తూనే ఉంటుంది.

పెద్దాయన బాలానగర్ లేత్ షెడ్లలో పని నేర్చి మా దగ్గరికి వచ్చిన మనిషి. కాకినాడ నుంచి కొత్తగా వచ్చిన నేను మొదటిరోజే "మాస్టారూ" అన్నాను. ఆయన పడీపడీ నవ్వారు. "మాస్టారేంది బిడ్డా! నేను పది ఫెయిలు." అయినా నేను మానలేదు. ఆయనా బిడ్డా అనడం మానలేదు.

చాంబర్ తలుపు మూసేముందు ఆయన ప్రతి సెన్సార్ మీదా వేలు పెట్టి నొక్కేవారు. పల్చటి గ్లవ్స్‌లోంచే వేలి వేడి తగిలి తెర మీద ఆ అంకె రెండు మూడు డిగ్రీలు పెరిగేది. తెర ముందు కూర్చుని "పెరిగింది మాస్టారూ" అనడం నా పని. అప్పుడు పక్కదానికి వెళ్ళేవారు. "తీగ మారితే తెర చెప్తది, టేప్ లేస్తే వేలు చెప్తది, గంతే" అనేవారు. ఇదంతా అయ్యాక గ్రాఫ్ ప్రింట్ తీసేవారు. ఇరవై నాలుగు గీతల మీద వరసగా ఇరవై నాలుగు చిన్న బుడిపెలు. కంప్యూటర్‌లో ఉండగా కాగితమెందుకని మేమంతా ఏడిపించేవాళ్ళం.

ఇక నా సంగతి. ఒకసారి ఆయన సెన్సార్లన్నీ అతికించి షుగర్ పరీక్షలకని దవాఖానకు వెళ్ళారు. పెట్టెను చాంబర్‌లోకి నెట్టింది మేం. బయట పెట్టె తాలూకు కంపెనీవాళ్ళు గడియారం చూసుకుంటున్నారు. అంతలో ఆయన ఫోన్. "వేలు పెట్టి చూసినవా బిడ్డా?"

"చూశాను మాస్టారూ" అన్నాను. చూడలేదు. నా నోరు పడిపోను, ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట!

లోపలికి నెట్టేటప్పుడు ఒక టేప్ లేచింది. దాని కింది బోర్డు మాడిపోయాక గానీ మాకు తెలియలేదు. ఎవరి పొరపాటని విచారణ జరిగింది. నేను నోరు తెరిచేలోపే ఆయన అన్నారు, "టేప్ పెట్టింది నేను సార్. తప్పు నాదే." అన్నేళ్ళ పనిలో మొదటిసారి ఆయనకు హెచ్చరిక ఉత్తరం ఇచ్చారు. దాన్ని మడిచి జేబులో పెట్టుకుని, "ఫికర్ చెయ్యకు, చాయ్ తాగుదాం పా" అన్నారు. నేను తాగాను. సిగ్గులేకుండా తాగాను. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూ ఇన్నాళ్ళూ గడిపేశాను.

తర్వాతి పరీక్ష నుంచి తెర ముందు ఆయన కూర్చున్నారు. "షుగర్‌కు నా వేళ్ళు మొద్దుబారినయ్. ఇగ నువ్వే పెట్టాలె." నిజమేననుకున్నాను.

మొన్న ఆఫీసువాళ్ళు ఆయన సొరుగు నన్ను ఖాళీ చేయమన్నారు. పాత గ్రాఫులన్నీ ఒక ఫైలులో వరసగా పెట్టి ఉన్నాయి. మధ్యలో ఆ రోజుది; విచారణకు ముందురోజు ఆయన ప్రింట్ తీసుకున్నట్టు మూలన తేదీ ఉంది. ఇరవై నాలుగు గీతలూ తిన్నగా, ఒక్క బుడిపె లేకుండా ఉన్నాయి. బుడిపెలు ఉండాల్సిన చోట పెన్సిల్‌తో సున్నా చుట్టారు. ఏమీ రాయలేదు. ఆయనకు తెలుసు. విచారణ రోజునే తెలుసు. ఆ కాగితం బయటపెడితే ఉత్తరం నాకొచ్చేది.

దాని వెనక తర్వాతి పరీక్ష కాగితం. బుడిపెలన్నీ ఉన్నాయి. పైన వంకర అక్షరాలతో రాసుకున్నారు: "బిడ్డ వేలు."

ఇది మా ఆఫీసువాళ్ళూ చదువుతారు. చదవాలి. ఆ టేప్ తప్పు ఆయనది కాదు, నాది. ఆ ఉత్తరం నా పేరుకు మార్చమని రాసి ఇచ్చాను. ఆయన బతికుండగా చేయాల్సిన పని ఇది.

నిన్న మళ్ళీ పరీక్ష. మొదటి సెన్సార్ మీద వేలు పెట్టాను. తెర ముందున్న కొత్తమ్మాయి "పెరిగింది మేడమ్" అంది. విన్నాను. అయినా వేలు తీయలేకపోయాను. "పెరిగింది బిడ్డా, పక్కదానికి పో" అని ఇంకెవరో అనాలన్నట్టు అలాగే నొక్కి పట్టుకున్నాను. తెర మీద అంకె పెరుగుతూనే ఉందట.